అరచేతి నాటకములు

2015 ఆగస్టులో షియోమీ సంస్థ భారతదేశమున తయారైన తన మొదటి ఫోనును విడుదల చేసినది. అది సత్యవేడు దగ్గర, తమిళనాడు సరిహద్దు చేరువనున్న శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కర్మాగారమున తయారైనది. నాడది చిత్తూరు జిల్లా. 2022 నుండి తిరుపతి జిల్లా. ఫోను పేరు చైనాది. కొన్ని ఏండ్లకు ఆ తెరకు తగిన నాటకము కూడ చైనానుండియే బయలుదేరినది.

నిలువు తెరకొరకు తీయు ఈ నాటకమున ఒక్కొక్క భాగము ఒకటి రెండు నిమిషములే. అట్టివి అరువది మొదలు నూరు వరకు ఉండును. మొదటి భాగములు ఉచితము. కథ ముడిపడిన చోట రుసుము! 2022లో రీల్‌షార్ట్ అను యాప్ ఈ పద్ధతిని అమెరికాలో ప్రవేశపెట్టినది. నేడు తెలుగులోను ఇట్టివి వచ్చుచున్నవి.

పొట్టి చిత్రము మనకు కొత్త గాదు. 1910 ప్రాంతమున రఘుపతి వెంకయ్య మదరాసులో క్రోనోమెగాఫోన్ అను యంత్రమును తెప్పించి చూపెను. బొమ్మ ఫిలిమునుండి, ధ్వని గ్రామఫోను పలకనుండి వచ్చును. ఆ ధ్వనిని ఒత్తిడిగల గాలితో పెద్దది చేయుదురు. పలక కొద్ది నిమిషములలో ముగియును గనుక బొమ్మయు అంతలోనే ముగియవలెను. కథ నిడివిని కవి గాక పలక నిర్ణయించినదన్నమాట! ఆ యంత్రముతో వెంకయ్య బర్మా, సింహళములకు వెళ్ళి ప్రదర్శనలిచ్చెను.

ఫోను సంగతి వేరు. వీడియోలో ప్రతి బొమ్మను పూర్తిగా పంపరు. ముందు బొమ్మకును దీనికిని గల భేదమునే చాలవరకు పంపుదురు. కదలని గోడముందు ఒక ముఖము ఏడ్చుచున్నచో మారునది స్వల్పము. యుద్ధము చూపినచో దాదాపు అంతయు మారును. ఈ నాటకములు ముఖములతో నిండియుండుటకు తక్కువ ఖర్చు, చిన్న తెర ముఖ్య కారణములైనను, ఈ సౌకర్యమును కలిసివచ్చినది.

మాట వచ్చిన పిదప సరిహద్దు దాటుట కష్టమైనది. 1931 నాటి 'కాళిదాసు'లో టి.పి. రాజలక్ష్మి తమిళము పలుకగా తక్కినవారు తెలుగు, హిందీ పలికిరి. నగరి, కుప్పము ప్రాంతములవారికి రెండు భాషల నడుమ మెలగుట అలవాటే. చిత్తూరు రామవిలాస సభ నాటకములలో పేరొంది, ఆ ఊరి పేరునే తన పేరున చేర్చుకొనిన నాగయ్య, 1945లో 'మీరా' తమిళ చిత్రమున రాణాగా నటించెను. నాడు నటుడే సరిహద్దు దాటినాడు. నేడు నటుడున్నచోటనే ఉండును; గొంతు మారును. యంత్రముచే పెదవుల కదలికను సైతము మార్పింపవచ్చును. కాని తమిళ పదములు కలిసిన చిత్తూరు పలుకు అందులో వినబడవలెనన్న, ముందుగా ఎవరైనను ఆ పలుకుతో నాటకము వ్రాసి, ఆడి, చిత్రించియుండవలెను.