పిలవకుండానే మేలుకునే ప్రోగ్రాములు

కంప్యూటరులో లాగిన్ కాగానే, మనం పిలవకపోయినా కొన్ని ప్రోగ్రాములు మేలుకుంటాయి. ఒకటి కొత్త సవరణల కోసం వెదుకుతుంది. మరొకటి మన ఫైళ్ళను దూరంగా ఉన్న సర్వరుతో సరిచూస్తుంది. నెట్ వేగంగా ఉన్నచోట ఇవి కంటికి ఆనవు. అండమాన్ దీవుల సంగతి వేరు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా అక్కడి ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదనే నడిచింది. అంత ఇరుకుదారిలో పిలవని ప్రోగ్రాము ఒకటి ముందు దూరితే, విద్యార్థి అడిగిన పేజీ వెనకబడుతుంది. దాన్ని ఆపడం ఎలా?

లినక్సులో ఈ ప్రశ్నకు చాలాకాలం ఒక్క జవాబు లేదు. 1996లో మథియాస్ ఎట్రిక్ కేడీఈ డెస్క్‌టాప్‌ను ప్రకటించాడు. అది ఆధారపడిన క్యూటీ లైసెన్సు నచ్చనివారు 1997లో గ్నోమ్‌ను మొదలుపెట్టారు. ఎక్స్‌ఎఫ్‌సీఈ మూడోది. ఎవరి పట్టిక వారిదే. ఒక డెస్క్‌టాప్‌లో ఆపిన ప్రోగ్రాము ఇంకొకదానిలో యథాప్రకారం లేచేది. ఒకే యంత్రాన్ని పలువురు వాడే ప్రయోగశాలలో ఇదెంత చికాకో ఊహించండి!

2000లో హేవక్ పెన్నింగ్టన్ ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి వేదికను స్థాపించాడు. ఆ దశాబ్దం మధ్యలో అక్కడే ఆటోస్టార్ట్ నియమావళి రూపుదిద్దుకుంది. దాని పద్ధతి చూడండి. యంత్రమంతటికీ ఒక ఆటోస్టార్ట్ ఫోల్డరు, ప్రతి వాడుకరికీ సొంతంగా మరొకటి. రెండింటిలోనూ ఒకే పేరుగల ఫైలుంటే వాడుకరిదే చెల్లుతుంది. అందులో 'హిడెన్' ఎదుట 'ట్రూ' అని రాస్తే, నియమావళిని పాటించే డెస్క్‌టాప్ ఏదైనా సరే ఆ ప్రోగ్రామును లేపదు. అడ్మిన్ అనుమతి అక్కరలేదు, అసలు ఫైలును తాకనక్కరలేదు. ఒక్క గ్నోమ్‌లోనే నడవాలంటే 'ఓన్లీషోఇన్' అనే వరుస ఉంది. మెరిసే ఐకాన్ల కంటె ఈ చిన్న వరుసలే గొప్పవని నా అభిప్రాయం.

అయితే రాజీ సంపూర్ణం కాలేదు. గ్నోమ్ పట్టికలో టిక్కు తీసేస్తే, అది 'హిడెన్'కు బదులు తన సొంత గుర్తునే రాసే రోజులున్నాయి. ఆ గుర్తును పట్టించుకోని డెస్క్‌టాప్‌లో ప్రోగ్రాము మళ్ళీ లేస్తుంది. ఓపెన్‌బాక్స్ వంటి తేలికపాటివాటికి వేరే ఆటోస్టార్ట్ స్క్రిప్టు కూడా ఉంటుంది. ఆపినదనుకున్న ప్రోగ్రాము మళ్ళీ కనబడితే, ఆ ఫైలును టెక్స్ట్ ఎడిటరులో తెరిచి ఏ వరుస ఉందో చూడండి.