అదిరే ముఖానికి విషమే మందైంది

కుడికన్ను అదిరితే మగవాళ్లకు మేలనీ, ఎడమకన్ను అదిరితే ఆడవాళ్లకు శుభమనీ మనవైపు నమ్మకం. నిద్ర చాలకో, కాఫీలు ఎక్కువయ్యో అదిరే రెప్ప సాధారణంగా దానంతటదే సర్దుకుంటుంది. కొందరికి మాత్రం ఆ అదురు కింది రెప్ప దగ్గర మొదలై, క్రమంగా బుగ్గకు దిగి, మూతిని ఒక పక్కకు లాగేస్తుంది. నిద్రలోనూ వదలకపోవచ్చు. ముఖంలో ఒక సగాన్ని పట్టే ఈ నరాల జబ్బు పేరు హెమీఫేషియల్ స్పాజమ్.

దీని మూలం 1875లోనే బయటపడింది. జర్మన్ వైద్యుడు షుల్ట్సే ఇలాంటి రోగి శవాన్ని పరీక్షించి, మెదడు అడుగున ఉబ్బిన రక్తనాళం ఒకటి ముఖ నరాన్ని నొక్కుతున్నట్టు చూశాడు. అంత లోపలికి వెళ్లి సరిచేసే దారి ఆనాడు లేదు. తర్వాతి తరాల వైద్యులు నరంలోకి ఆల్కహాలు ఎక్కించారు, కొన్ని కొమ్మలను కోసేశారు. అదురు తగ్గేది, ముఖం చచ్చుబడేది.

రెండు కళ్లూ బిగుసుకుపోయే బ్లెఫరోస్పాజమ్ రోగులు ఇంకా నలిగిపోయారు. చూపు బాగానే ఉన్నా రెప్పలు తెరుచుకోక గుడ్డివాళ్లలా బతికేవారు. పైగా అది మనసు జబ్బని చాలామందిని మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. ఇది నాడీ సంబంధమైన రుగ్మతేనని 1976లో లండన్ వైద్యుడు డేవిడ్ మార్స్‌డెన్ గట్టిగా వాదించాడు. అంతకాలం ఆ రోగుల మాట నమ్మకపోవడం వైద్యం చేసిన అన్యాయమే.

మందు మాత్రం ఎవరూ వెతకని చోట పుట్టింది. 19వ శతాబ్దపు తొలినాళ్లలో దక్షిణ జర్మనీలో చెడిపోయిన సాసేజీలు తిని జనం చనిపోతుంటే, వైద్యుడూ కవీ అయిన యుస్టినస్ కెర్నర్ ఆ విషాన్ని తన మీదే పరీక్షించుకున్నాడు. అది నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాలను ఆపుతుందని గ్రహించాడు. అదుపు తప్పి కదిలే శరీరానికి ఇది కొద్దిపాటి మోతాదులో మందు కావచ్చని 1822లో రాశాడు. బాక్టీరియా జబ్బులు తెస్తాయని లోకానికి తెలియని రోజుల్లో చేసిన ఆ ఊహ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి 1895లో దొరికింది. బెల్జియంలో ఒక అంత్యక్రియల్లో వాయించడానికి వచ్చిన వాద్యకారులు పంది మాంసం తిని జబ్బుపడితే, శాస్త్రవేత్త వాన్ ఎర్మెంగెమ్ దాన్ని ఆ మాంసంలో పట్టుకున్నాడు.

శాన్‌ఫ్రాన్సిస్కో కంటివైద్యుడు ఆలన్ స్కాట్‌కు కావలసింది మెల్లకన్ను సరిచేసే మందు. బోటులినమ్ అని పేరుపడిన ఆ సాసేజీ విషాన్ని శాస్త్రవేత్త ఎడ్వర్డ్ షాంట్స్ శుద్ధిచేసి సమకూర్చగా, స్కాట్ దాన్ని కోతుల మీద ప్రయోగించి 1973లో ఫలితాలు ప్రకటించాడు. తర్వాత మనుషులకూ ఇచ్చాడు. కంటి కండరాన్ని సడలించేది రెప్ప కండరాన్నీ సడలిస్తుంది కదా! 1989 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మెల్లకన్నుతో పాటు బ్లెఫరోస్పాజమ్‌కూ, ముఖ నరపు జబ్బులకూ దాన్ని అనుమతించింది. ఆ తర్వాత వచ్చిన పేరే బొటాక్స్. వాంకూవర్‌లో కంటివైద్యురాలు జీన్ కరూథర్స్ రెప్పలు బిగుసుకుపోయే రోగికి సూది వేస్తుండగా, నుదుటి ముడతలు మాయమవడం గమనించింది. అక్కణ్నుంచి సౌందర్య వ్యాపారం పెరిగి, మందు అసలు పుట్టుక మరుగున పడింది.

ఈ విషం నరం కొసలో ఒక ప్రొటీన్‌ను తెంచుతుంది. దాంతో కండరానికి సంకేతం మోసే అసిటైల్‌కోలిన్ విడుదల కాదు, కండరం కదలదు. నరం మళ్లీ కోలుకుంటుంది కాబట్టి దాదాపు మూడు నెలలకొకసారి సూది తప్పదు. రెప్ప వాలడం, మూతి కొంత బలహీనపడటం వంటి ఇబ్బందులు ఉన్నా అవి తాత్కాలికమే.

షుల్ట్సే చూసిన మూలాన్ని అందుకున్నది అమెరికా సర్జన్ పీటర్ జానెట్టా. 1960ల నుంచి ఆయన మైక్రోస్కోపు కింద రక్తనాళాన్ని నరం నుంచి పక్కకు జరిపి, మధ్యలో మెత్త పెట్టే పద్ధతిని తీర్చిదిద్దాడు. చాలామందికి ఇది శాశ్వతంగా నయం చేస్తుంది. కానీ పుర్రె తెరవాలి, ఆ పక్క చెవి వినికిడి దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అందుకే వయసు మళ్లినవాళ్లు చాలామంది సూదికే మొగ్గుతారు. ఆపరేషన్ తట్టుకోగల వయసులో ఉండి, మూడు నెలలకోసారి ఆసుపత్రి చుట్టూ తిరగలేనివారికి సర్జన్‌ను కలవడమే మేలని నా అభిప్రాయం.