ఛార్జర్ ఉంది, కానీ పనిచేయదు: 1968 రేసు నుంచి మన హైవే దాకా

ఈ ఎపిసోడ్‌లో ఎలక్ట్రిక్ కార్ల గురించి మాట్లాడుకుందాం. ఏ కారు కొత్తగా వచ్చింది, రేటెంత, రేంజ్ ఎంత అనేవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయేది ఒక సమస్య చరిత్ర. దూర ప్రయాణంలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగుతాం, గన్ పెడతాం, ఛార్జింగ్ మాత్రం మొదలవ్వదు. ఇది ఎందుకు జరుగుతుంది? ఎప్పటి నుంచి జరుగుతోంది?

ముందు ఒక సీన్ ఊహించుకోండి. సంక్రాంతి సెలవులు. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్తున్నారు. వెనక సీట్లో అమ్మమ్మ, పక్కన పిల్లలు, డిక్కీ నిండా సామాను. బ్యాటరీ 18 శాతానికి వచ్చింది. ఫోన్‌లో యాప్ తెరిస్తే ముందున్న ఛార్జర్ పచ్చ రంగులో కనిపిస్తోంది, అంటే ఖాళీగా ఉంది. తీరా అక్కడికి వెళ్తే ఒక మెషీన్ స్క్రీన్ నల్లగా ఉంది. ఇంకో మెషీన్ డబ్బులు తీసుకుంది గానీ ఛార్జింగ్ మొదలుపెట్టలేదు. పక్కన హోటల్ వాచ్‌మన్ వచ్చి, "అది రెండు రోజుల నుంచి పనిచేయట్లేదు సార్" అన్నాడు. ఇక్కడ గమనించండి. వాచ్‌మన్‌కి తెలిసిన విషయం యాప్‌కి తెలియదు. మన కథంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ఒక్కసారి 1888కి వెళ్దాం, జర్మనీకి. కార్ల్ బెంజ్ కారు తయారుచేశాడు గానీ జనానికి దానిమీద నమ్మకం లేదు. ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, ఆయనకి చెప్పకుండా మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి ఆ కారులో బయల్దేరింది. దూరం 100 కిలోమీటర్లకు పైనే. కారులో జరిగిన మొదటి దూర ప్రయాణం అదేనంటారు. దారిలో ఇంధనం అయిపోవచ్చింది. పెట్రోల్ బంకులు ఇంకా పుట్టలేదు కదా! వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకి వెళ్లి, బట్టల మీద మరకలు తుడవడానికి వాడే లిగ్రాయిన్ అనే ద్రావకాన్ని కొనుక్కుంది. ఇంధన గొట్టం మూసుకుపోతే తన టోపీ పిన్నుతో శుభ్రం చేసుకుంది.

అంటే పెట్రోల్ కారుకి కూడా మొదటి రోజున ఇదే కష్టం. కాకపోతే ఆ మందుల షాపులో కౌంటర్ వెనక ఒక మనిషి ఉన్నాడు. సరుకు ఉందో లేదో చెప్పగలడు. డబ్బులు తీసుకుంటే సీసా చేతిలో పెడతాడు. ఈ మనిషిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఆయన దగ్గరికి వస్తాం.

ఇక అసలు కథ 1968లో, అమెరికాలో. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యార్థి వాలీ రిపెల్ ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌ని ఎలక్ట్రిక్ బండిగా మార్చాడు. దేశం అవతలి చివర ఉన్న ఎంఐటీ విద్యార్థులకి సవాలు విసిరాడు. మీరు మా క్యాంపస్‌కి రండి, మేము మీ క్యాంపస్‌కి వస్తాం, ఎవరు ముందొస్తారో చూద్దాం అని. ఎంఐటీ వాళ్లు షెవర్లే కార్వెయిర్ అనే కారుని ఎలక్ట్రిక్‌గా మార్చారు. ఆగస్టు 26న రెండు బళ్లూ ఎదురెదురుగా బయల్దేరాయి. దారి సుమారు 5,300 కిలోమీటర్లు. ఆ దారిలో దాదాపు 100 కిలోమీటర్లకి ఒకటి చొప్పున 54 ఛార్జింగ్ పాయింట్లు ఏర్పాటు చేశారు. 1968లో! మన నాన్నల్లో చాలామంది అప్పటికి పుట్టనే లేదు.

కాల్‌టెక్ వాళ్లవి లెడ్ బ్యాటరీలు. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీలకి చుట్టాల్లాంటివి. ఎంఐటీ వాళ్లవి నికెల్ కాడ్మియం, చాలా ఖరీదైనవి, తొందరగా ఛార్జ్ అవుతాయి. కానీ తొందరగా ఛార్జ్ చేస్తే బ్యాటరీ వేడెక్కుతుంది. అందుకని ఎంఐటీ కుర్రాళ్లు ఛార్జింగ్ పెట్టినప్పుడు బ్యాటరీల మీద ఐసు వేసేవాళ్లు. ఇప్పుడు మన కార్లలో బ్యాటరీ చుట్టూ చల్లని ద్రవం తిరిగే పైపులు ఉంటాయి చూడండి, ఆ పని అప్పుడు ఐసుగడ్డలు చేశాయి.

చివరికి ఏమైంది? ఎంఐటీ కారు ముందే చేరింది. కానీ దారిలో పాడైపోయి, కొంత దూరం ఇంకో బండి లాక్కెళ్లింది. దానికి పెనాల్టీ వేసి లెక్కగడితే కాల్‌టెక్ 30 నిమిషాల తేడాతో గెలిచింది. మొత్తం పట్టిన టైం సుమారు 210 గంటలు. అంటే సగటున గంటకి 25 కిలోమీటర్లు. ఛార్జింగూ రిపేర్లూ కలిస్తే కారు వేగం మన ఊరి ఆటో వేగానికి దిగిపోయింది అన్నమాట.

అయినా వాళ్లు ఊరు చేరారు. ఎందుకు చేరారో చూడండి. బండిలో ఉన్నది ఇంజనీరింగ్ విద్యార్థులు. ఏది చెడిపోయినా వాళ్లే విప్పి చూసుకోగలరు. 54 పాయింట్లు పెట్టింది కూడా ఆ రెండు బళ్ల కోసమే. వచ్చే బండి ఏదో, దానికి ఏం కావాలో ముందే తెలుసు. ఆ తర్వాత 50 ఏళ్లలో టెక్నాలజీ ఎంతో మెరుగైంది గానీ, ఈ రెండూ మాత్రం చేజారిపోయాయి. ఒకటి, బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండటం. రెండు, వచ్చే కారు ఏదో ఛార్జర్‌కి ముందే తెలిసుండటం.

రెండోదాన్ని ముందు చూద్దాం. 1990ల్లో కాలిఫోర్నియాలో ఎలక్ట్రిక్ కార్లు మళ్లీ వచ్చాయి. జనరల్ మోటార్స్ ఈవీ1కి ఛార్జర్ అంటే ఒక పలక లాంటిది, కారు ముందున్న సందులో దూర్చాలి. ఫోర్డ్, హోండా బళ్లకి మామూలు లోహపు పిన్నులున్న ప్లగ్. ఒకటి రెండోదానికి పట్టదు. 2001లో కాలిఫోర్నియా అధికారులు పిన్నుల పద్ధతే ప్రమాణం అని తేల్చారు. పలక ఛార్జర్లు నిలబడ్డచోటే అనాథలైపోయాయి.

2010లో జపాన్ కంపెనీలు కలిసి చాడెమో అనే ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి తెచ్చాయి. ఆ పేరు భలే ఉంటుంది. జపాన్ భాషలో "టీ తాగుదామా?" అనే మాట మీద ఆడిన చమత్కారం అది. టీ తాగేలోపు ఛార్జింగ్ అయిపోతుందని భావం. ఆ తర్వాత జర్మన్, అమెరికన్ కంపెనీలు సీసీఎస్ అనే ఇంకో పద్ధతి తెచ్చాయి. 2012 సెప్టెంబర్‌లో టెస్లా తన సొంత ప్లగ్‌తో సూపర్‌ఛార్జర్లు మొదలుపెట్టింది. చైనాది ఇంకో ప్లగ్. మన దేశంలో 2017లో భారత్ డీసీ-001 అని 15 కిలోవాట్ల ఛార్జర్లకి ప్రమాణం పెట్టారు. అవి తక్కువ వోల్టేజీ బ్యాటరీలున్న అప్పటి కార్లకి సరిపోయేవి. తర్వాత 300 వోల్టులు దాటిన బ్యాటరీలతో, సీసీఎస్2 ప్లగ్‌తో కొత్త కార్లు వచ్చాయి. వాటికి ఆ పాత ఛార్జర్ ఎదురుగా ఉన్నా లేనట్టే.

సరే, ప్లగ్ పట్టింది అనుకుందాం. పని అయిపోయినట్టేనా? కాదండీ. ఇంట్లో ఏసీ కరెంటు పెడితే, దాన్ని డీసీగా మార్చే పని కారులో ఉన్న చిన్న ఛార్జర్ చూసుకుంటుంది. ఫాస్ట్ ఛార్జింగ్‌లో ఆ మార్చే పని బయటి మెషీన్‌ది. డీసీ కరెంటు నేరుగా బ్యాటరీలోకే వెళ్తుంది. కాబట్టి ముందు కారూ మెషీనూ మాట్లాడుకోవాలి. నా బ్యాటరీ ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు తట్టుకోగలను, ఎంత వేడిగా ఉన్నాను అని కారు చెప్పాలి. కరెంటు ఎక్కడా లీకవ్వట్లేదని పరీక్ష జరగాలి. ఇంకోపక్క మెషీన్ తన కంపెనీ సర్వర్‌తో మాట్లాడాలి, ఆ సర్వర్ మీ ఫోన్‌లో యాప్‌తో మాట్లాడాలి, యాప్ బ్యాంకుతో మాట్లాడాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా కరెంటు రాదు. కారు బాగానే ఉంటుంది, పైన తీగల్లో కరెంటూ ఉంటుంది. మీరు మాత్రం రోడ్డు పక్కనే ఉంటారు.

ఇది ఎంత పెద్ద సమస్యో లెక్కతో చూద్దాం. 2022లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతంలో పరిశోధకులు 181 స్టేషన్లకి స్వయంగా వెళ్లి, 657 ఫాస్ట్ ఛార్జింగ్ పాయింట్లను పరీక్షించారు. పనిచేసినవి 72.5 శాతమే. స్క్రీన్ స్పందించకపోవడం, పేమెంట్ ఫెయిలవ్వడం, నెట్‌వర్క్ లేకపోవడం, గన్ విరిగిపోవడం, ఇవీ కారణాలు. దాదాపు 5 శాతం చోట్ల కేబుల్ కారుదాకా అందనే లేదు! కంపెనీలు చెప్పుకున్న లెక్క మాత్రం 95 నుంచి 98 శాతం.

ఇంత తేడా ఎలా వస్తుంది? మెషీన్ సర్వర్‌కి జవాబిస్తే చాలు, అది బతికే ఉన్నట్టు కంపెనీ లెక్క. కారులోకి కరెంటు వెళ్తేనే పనిచేసినట్టు మన లెక్క. యాప్‌లో పచ్చ రంగుకీ వాచ్‌మన్ మాటకీ తేడా ఇదే.

ఒక చిన్న గణితం చేద్దాం. ఒక్కో ఛార్జర్ పనిచేసే అవకాశం 72.5 శాతం అనుకోండి. మీ దారిలో రెండుచోట్ల ఆగాలి, రెండుచోట్లా ఒక్కొక్క గన్నే ఉంది. రెండూ పనిచేసే అవకాశం 53 శాతం. బొమ్మా బొరుసా వేసుకుని బయల్దేరినట్టు! అదే ఒక స్టేషన్‌లో రెండు గన్‌లుండి, ఒకదాని లోపంతో ఇంకోదానికి సంబంధం లేకపోతే, కనీసం ఒకటి పనిచేసే అవకాశం 92 శాతానికి పెరుగుతుంది. అందుకే ఎన్ని ఊళ్లలో ఛార్జర్ ఉంది అన్నది ఎంత ముఖ్యమో, ఒక్కో చోట ఎన్ని ఉన్నాయి అన్నదీ అంతే ముఖ్యం.

ఈ కష్టం సామాన్యులకే అనుకోకండి. 2023 వేసవిలో అమెరికా ఇంధన మంత్రి జెనిఫర్ గ్రాన్‌హోమ్ ఎలక్ట్రిక్ కార్లను ప్రోత్సహించడానికి షార్లెట్ నుంచి మెంఫిస్ దాకా రోడ్డు మీద ప్రయాణం చేశారు. జార్జియాలో ఒకచోట నాలుగు ఫాస్ట్ ఛార్జర్లలో ఒకటి పాడైంది, మిగతావి బిజీ. సిబ్బందిలో ఒకరు మంత్రి కారు కోసం ఒక ఛార్జర్ ముందు ఎలక్ట్రిక్ కాని బండిని అడ్డంగా పెట్టారు. చంటిబిడ్డతో వచ్చిన ఒక కుటుంబానికి చోటు దొరక్క, వాళ్లు పోలీసులకి ఫోన్ చేశారు. దేశ ఇంధన శాఖ చూసే మంత్రి ప్రయాణంలోనే ఇలా జరిగిందంటే, నాలుగులో ఒకటి పాడైతే క్యూ ఎంత పెరుగుతుందో అర్థమవుతుంది.

దీని మూలం డబ్బులో ఉంది ఫ్రెండ్స్. చాలా దేశాల్లో ప్రభుత్వాలు ఛార్జర్ పెట్టడానికి సబ్సిడీ ఇచ్చాయి. పెట్టాక ఎవరు చూసుకుంటారన్నది వెనక్కిపోయింది. మన కేంద్ర ప్రభుత్వం 2018 చివర్లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, హైవేలకి రెండువైపులా ప్రతి 25 కిలోమీటర్లకి ఒక స్టేషన్ ఉండాలని చెప్పింది. మంచి లక్ష్యమే. కానీ అది దూరం లెక్క. పక్కనే ఇంకో లెక్క ఉండాలి.

ఆ లెక్క కొన్ని దేశాలు ఈ మధ్యే మొదలుపెట్టాయి. అమెరికా 2023లో, కేంద్ర నిధులతో హైవేల మీద పెట్టే ఛార్జర్లు 97 శాతం సమయం పనిచేయాలని రూల్ పెట్టింది. అంటే ఏడాదికి దాదాపు 11 రోజుల మినహాయింపు. బ్రిటన్ ఇంకా గట్టిగా, ఫాస్ట్ ఛార్జర్ల నెట్‌వర్క్ సగటున 99 శాతం పనిచేయాలంది, తప్పితే జరిమానా. యూరప్‌లో 2024 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, ఆపై ఛార్జర్లు మామూలు బ్యాంకు కార్డు తీసుకోవాలి. యాప్ లేదని ఎవరూ ఆగిపోకూడదు.

ఇప్పుడు మందుల షాపు మనిషి దగ్గరికి వద్దాం. పెట్రోల్ బంక్‌లో పంపు పాడైతే అక్కడున్న కుర్రాడు దూరం నుంచే చెయ్యి ఊపి "పక్క పంపుకి రండన్నా" అంటాడు. బంక్ ఓనర్‌కి ఆ రోజు అమ్మకం పోతుంది కాబట్టి సాయంత్రానికల్లా మెకానిక్ వస్తాడు. ఛార్జర్ దగ్గర ఆ కుర్రాడూ లేడు, చాలాసార్లు ఆ తొందరా లేదు. 1888లో, 1968లో టెక్నాలజీ చాలా మొరటు. అయినా మనుషులు ఊరు చేరారంటే, ప్రతి చోటా జవాబు చెప్పేవాళ్లు ఒకరున్నారు.

ఈలోపు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒకే గన్ ఉన్నచోటుని నమ్ముకుని బయల్దేరొద్దు. తర్వాతి స్టేషన్‌కి వెళ్లేంత ఛార్జింగ్ మిగిలి ఉండగానే ఆగండి. చివరిసారి ఎవరైనా అక్కడ ఛార్జ్ చేసింది ఎప్పుడో యాప్‌లో ఉంటే చూడండి, పచ్చ రంగు కంటే అది ఎక్కువ నిజం చెప్తుంది. పాడైన మెషీన్ కనిపిస్తే ఒక నిమిషం ఆగి రిపోర్ట్ చేయండి. మీ వెనక ఇంకో కారులో ఇంకో అమ్మమ్మ వస్తూ ఉంటుంది.

ఇక నుంచి ఎవరైనా "మన రాష్ట్రంలో ఇన్ని వేల ఛార్జర్లు పెట్టాం" అంటే, సంతోషం అనండి. వెంటనే ఇంకో ప్రశ్న అడగండి: ఈ రోజు వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, పనిచేయకపోతే ఫోన్ ఎత్తేది ఎవరు?

ఇంకో ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి.