రంగు కడుక్కోని వేషగాడు

మా జడ్చర్ల చుట్టుపక్కల పల్లెల్లో రాత్రంతా భాగవతం ఆడిన వేషగాడు, కోడి కూసే వేళకు కిరీటం దించి, చెంబెడు నీళ్లతో ముఖాన రంగు కడుక్కుని, బీడీ ముట్టించుకుంటాడు. హిరణ్యకశిపుడు ఆ నీళ్లతోనే మట్టిలో ఇంకిపోతాడు. చార్లెస్ డికెన్స్ చావు తలపుకొచ్చినప్పుడల్లా నాకు ఆ చెంబెడు నీళ్లే గుర్తొస్తాయి. ఆయనకవి దొరకలేదు.

1832లో, ఇరవై ఏళ్ల వయసులో, లండన్ కోవెంట్ గార్డెన్ నాటకశాలలో నటుడి పరీక్షకు పిలుపొచ్చింది. ఆ రోజే జలుబు చేసి, ముఖం వాచి, ఇంట్లో పడుకుండిపోయాడు. వెళ్లి ఉంటే ఆ నాటకాల పిచ్చి అక్కడే తీరిపోయేదేమో!

నవలలు రాశాడు. అవి నెలనెలా అచ్చవుతుండగానే, కథ ముగియకముందే, నాటకాలవాళ్లు ఎత్తుకుపోయి ఆడేసేవారు. అడిగే చట్టం లేదు. 1838లో సర్రే థియేటర్‌లో 'ఆలివర్ ట్విస్ట్' చూడలేక ఆయన బాక్సులో నేల మీద పడుకుని, తెర పడేదాకా లేవలేదని స్నేహితుడు ఫార్‌స్టర్ రాశాడు.

చివరికి 1858 నుంచి తన కథల్ని తానే టికెట్టు పెట్టి చదివాడు. చదవడమా అది! ఒక బల్ల, గ్యాస్ దీపం, చేతిలో పుస్తకం. అంతలోంచే ఊళ్లకు ఊళ్లు లేచి నడిచేవి. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదంలో బతికి బయటపడ్డాడు, రైలెక్కితే మాత్రం వణికేవాడు. అప్పుడైనా ఆగలేదు. 1868లో అమెరికా నుంచి నీరసించి వచ్చాడు. అప్పుడూ ఆగలేదు.

పైగా 'ఆలివర్ ట్విస్ట్'లో సైక్స్ చేతిలో నాన్సీ చచ్చిపోయే ఘట్టం ఎత్తుకున్నాడు. ఇంత గొప్పది వినలేదు గానీ వద్దని పెద్దకొడుకే బతిమాలాడు. వినలేదు. 1869 జనవరి 5 నుంచి, చంపేదీ తానే, చచ్చేదీ తానే. 72 ఉండే నాడి 110 దాటేది. ఏప్రిల్‌లో ప్రెస్టన్‌లో డాక్టర్ బియర్డ్ ఆట ఆపించాడు. అయ్యో, అంతటితో చాలించి ఉంటే! కోలుకోగానే మళ్లీ వేదికెక్కాడు, 1870 మార్చి 15న సెలవు తీసుకునేదాకా.

జూన్ 9న, రైలు పడిన తేదీనే, 58 ఏళ్లకు కన్నుమూశాడు. పన్నెండు భాగాలుగా రావాల్సిన నవల 'ఎడ్విన్ డ్రూడ్' ఆరు దగ్గర ఆగిపోయింది. మరుసటి ఏడే సర్రే థియేటర్‌వాళ్లు దానికో ముగింపు కట్టుకుని ఆడేశారు. ఈసారి బాక్సులో నేల మీద పడుకోవడానికి ఆయన లేడు.