ప్రార్థనా గృహము నుండి మహాదేవాలయము వరకు

దేవుని మహాకృపవలన మెదక్ మహాదేవాలయము 2024వ సంవత్సరము డిసెంబరు 25న నూరేండ్లు పూర్తి చేసికొన్నది. కొండాపూర్, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల విశ్వాసులమైన మేము మన సంఘము నడచి వచ్చిన త్రోవను జ్ఞాపకము చేసికొనుచున్నాము.

వెస్లియన్ మిషనరీ రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు 1895లో సికింద్రాబాదు చేరి, మొదట తిరుమలగిరి దండులోని సైనికుల మధ్య సేవ చేసిరి. పిమ్మట గ్రామములవైపు సాగి మెదక్‌లో స్థిరపడిరి. అక్కడ తొలి ఆరాధనలు చిన్న ప్రార్థనా గృహములోనే జరిగెడివి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున కరువు వచ్చినప్పుడు, ఊరక దానమిచ్చుటకన్న పని కల్పించి అన్నము పెట్టుట మేలని తలంచి, వారు మహాదేవాలయ నిర్మాణమును చేపట్టిరి. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురము గల ఆ ఆలయము ఆకలిగొన్న కూలీల చెమటతో లేచినది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా, అంతవరకు బిషప్పులు లేని మన వెస్లియన్ సంఘము బిషప్పుల పాలనలోనికి వచ్చినది. ఫ్రాంక్ విట్టేకర్ గారు మెదక్ ప్రథమ బిషప్పు. బిషప్పు పీఠము మెదక్‌లో నిలిచినను, మండల కార్యాలయము సికింద్రాబాదులోనే యున్నది.

రామచంద్రాపురము, పటాన్‌చెరులలో కర్మాగారములు వెలసిన తరువాత బ్రతుకుతెరువుకై ఎన్నో కుటుంబములు ఈ ప్రాంతమునకు చేరినవి. అద్దె గదిలో కూడుకొను చిన్న గుంపును మనము చిన్నచూపు చూడరాదు. మెదక్ సంఘమును అట్లే మొదలైనది. ఆదివారమున వలస కూలీ మన గుమ్మమున నిలిచినప్పుడు ముందు వరుసలో చోటిత్తుమా? ఆకలిగొన్నవారికి పనియిచ్చి కట్టిన ఆలయమునకు మనము వారసులము గదా!