రాజుగారి కంచె, కాందిశీకుడి సుత్తి

లండన్‌కు నైరుతిగా, థేమ్స్ ఒడ్డున హాంప్టన్ కోర్ట్ రాజభవనం. దాని ప్రివీ గార్డెన్‌ను 1702 నాటి రూపానికి తెచ్చి 1995లో మళ్లీ తెరిచారు. నదివైపు కొసన 12 ఇనుప జాలీలు. చూసినవాళ్లంతా ఇంగ్లీషు రాచవైభవం అంటారు. ఆ వైభవాన్ని సుత్తితో కొట్టిందెవరు?

జాన్ తిజూ అనే ఫ్రెంచి లోహార్. కేథలిక్ మెజారిటీ మధ్య బతికిన ప్రొటెస్టెంట్ మైనారిటీ, అంటే హ్యూగెనాట్. 1598లో నాంత్ ఫర్మానా వాళ్లకు ఆరాధనా హక్కు ఇచ్చింది. 1685లో 14వ లూయీ దాన్ని రద్దుచేశాడు. ప్రార్థనామందిరాలు కూల్చారు. సుమారు 2 లక్షలమంది దేశం విడిచారు. ఇంగ్లీషులోకి ‘రెఫ్యూజీ’ అన్న మాట వాళ్లతోనే వచ్చింది.

1689లో విలియం, మేరీలు గద్దెనెక్కాక తిజూకు పని దొరికింది. విలియమూ పరాయివాడే, డచ్చివాడు. ఆయనకు కిరీటం, తిజూకు కూలి!

ఆ జాలీలు అచ్చులో పోసినవి కావు. చేత ఇనుముని కొలిమిలో కాల్చి, దాగలిమీద వంచి, అతికి, పల్చటి రేకుని వెనకనుంచి కొట్టి ఆకులూ ముఖాలూ తేల్చిన పని.

1693లో తిజూ తన నమూనాలను పుస్తకంగా వేశాడు. ఇంగ్లండులో ఇనుపపనిమీద అలాంటి పుస్తకం అదే మొదటిది. దాని పేరు ఇంగ్లీషులోనూ ఉంది, ఫ్రెంచిలోనూ ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడి పత్రికల్లో తెలుగు రాసే మాకు ఆ పుట ఎంత దగ్గరో చెప్పలేం. తరిమింది రాజు. భాష రాజు సొత్తు కాదు గదా!

అయితే ఇక్కడే ఆగిపోతే సగం చరిత్రే. ఆ జాలీల్లో ఇంగ్లండు గులాబీ, స్కాట్లండు ముళ్లపువ్వుతోపాటు ఐర్లండు హార్ప్ కూడా ఉంది. 1690లో బోయిన్ నది దగ్గర ఐరిష్ కేథలిక్కులే ఎక్కువగా ఉన్న సేనను విలియం ఓడించాడు. ఆయన పక్షాన హ్యూగెనాట్ పటాలాలూ పోరాడాయి. 1689 నాటి మతసహన చట్టం కేథలిక్కులకు వర్తించలేదు. 1695లో ఐర్లండులో వాళ్ల చదువులమీద ఆంక్షలు పెట్టారు. ఫ్రాన్సులో తరిమిన మతం ఇక్కడ అణగారిన మతం. ఐర్లండు వాద్యానికి రాజుగారి కంచెలో చోటుంది. ఐరిష్ కేథలిక్కుకు రాజుగారి చట్టంలో లేదు.

అందుకే మా హునర్‌ని మెచ్చుకునే పెద్దలను మేం ఒకటి అడుగుతాం. సుత్తి పట్టడం రాని కాందిశీకుడి సంగతేమిటి? హక్కు హునర్‌కిచ్చే బక్షీసా?