బందరులో ఇంగ్లీషు చదువు: ఇంటి సంగతులే మొదటి పాఠములు



ఒక క్రొత్త భాష మన యింటిలోనికి ఏ ద్వారమున ప్రవేశించును? వ్యాకరణము ద్వారా అని పండితులందురు. పరీక్షల ద్వారా అని బడులవారందురు. మన బందరు పట్టణ చరిత్రను నెమ్మదిగా చదివినయెడల వేరొక సమాధానము కనబడుచున్నది. భాష అంగడి వాకిటను, పొలము గట్టునను, వంటయింటి గడపను దాటి లోనికి వచ్చును. చిలకలపూడి మొదలుకొని గుడివాడ వరకును, అవతల దివిసీమ లంకల వరకును మన సంఘములలోని తల్లిదండ్రులు బోధకుని చూచినప్పుడెల్ల అడుగు ప్రశ్న ఒకటి కలదు: “అయ్యగారూ, మా పిల్లవానికి ఇంగ్లీషు అబ్బునంటారా?” ఆ ప్రశ్న వెనుక ఎంత ఆశ, ఎంత భయము ఉన్నవో మనమెరుగుదుము. దానికి జవాబు చెప్పుటకు గడచిన నాలుగు వందల సంవత్సరముల సంగతులు కొన్ని మనకు తోడ్పడును.

రేవులో నేర్చిన భాష

1611వ సంవత్సరములో ‘గ్లోబ్’ అను ఇంగ్లీషువారి ఓడ బందరు రేవునకు వచ్చెను. ఆ దినములలో ఈ సీమ గోలకొండ సుల్తానుల యేలుబడిలో నుండెను. డచ్చి వర్తకులు అంతకు కొద్ది సంవత్సరములు ముందే యిక్కడ కాలు మోపియుండిరి. వచ్చిన వర్తకులకు తెలుగు తెలియదు. మన సాలెవారికిని, అద్దకపు పనివారికిని వారి మాట తెలియదు. ఈ యిద్దరి నడుమ నిలిచి బేరము కుదిర్చినవాడు దుబాసీ. రెండు భాషలు తెలిసినవాడు ద్విభాషి. ఆ మాటయే వాడుకలో దుబాసీ అయినది.

ఆనాటి దుబాసీకి పలక పట్టించి వ్యాకరణము చెప్పిన ఉపాధ్యాయుడు ఎవడు? గుడ్డ పొడవు, మూటల లెక్క, ధర, గడువు, బాకీ, ఇవియే అతని పాఠములు. నిన్న విన్న మాటను నేడు పనిలో పెట్టెను. నేడు తప్పిన మాటను రేపు దిద్దుకొనెను. అవసరము బెత్తము పట్టుకొని నిలిచిన బడి అది.

భాషల బేరములో ఇచ్చువారమును మనమే, పుచ్చుకొనువారమును మనమే. మన వరిగాదెలను గుల్లచేయు పందికొక్కును చూచి ఇంగ్లీషువారు ఆ పేరునే తమ భాషలో ‘బాండికూట్’ అని వ్రాసికొనిరి. ఇంత పెద్ద భాషయు మన చేనిగట్టున నిలిచి ఒక మాట అడిగి పుచ్చుకొనినది గదా! కావున వారి మాట నేర్చుకొనుటకు మనము సిగ్గుపడనక్కరలేదు; మన మాటను విడిచిపెట్టనక్కరయు లేదు.

దొరలు తెలుగు నేర్చిన విధము

ఇంగ్లీషు దొరలు తెలుగు నేర్చుకొనిన విధమును కూడ చూడవలెను. బందరులోను ఉద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను గారు తెలుగు నిఘంటువు కూర్చినవారని మనలో అనేకులకు తెలియును. ఆయన 1852లో ‘తెలుగు రీడరు’ అను వేరొక పుస్తకమును కూడ ప్రకటించిరి. క్రొత్తగా వచ్చిన ఇంగ్లీషు ఉద్యోగులు తెలుగు నేర్చుకొనుటకై అందులో ఏమి కూర్చిరనుకొందురు? మహాకావ్యములు కావు. ఇంటి సంగతుల జాబులు, వర్తకపు ఉత్తరములు, పోలీసు సంగతులు, శిస్తు వ్యవహారములు. వానికి ఇంగ్లీషు అనువాదమును, మాటల అర్థములును చేర్చిరి. ప్రతి దినము కచ్చేరికి వచ్చు రైతు ఏమి చెప్పుచున్నాడో తెలియనివానికి ప్రబంధమెంత వచ్చినను ఏమి లాభము?

తరువాత బందరులో చర్చి మిషనెరీ సంఘము పక్షముగా పనిచేసిన ఆర్డెన్ దొరగారు 1873లో తెలుగు వ్యాకరణమొకటి ప్రకటించిరి. వ్యాకరణమే అయినను దాని నడక మెట్లమెట్లుగా సాగును. ఒక చిన్న సూత్రము, వెంటనే ఉదాహరణములు, వెంటనే అభ్యాసమునకు చిన్న వాక్యములు. గ్రంథములలోని తెలుగుకును, జనులు మాటలాడు తెలుగుకును గల భేదమును ఆయన గుర్తించి చెప్పిరి. మన భాష నేర్చుకొనుటకు విశ్వవిద్యాలయములలో చదివిన దొరలకే చిన్న పాఠములు కావలసివచ్చినవి. అట్లయిన మన పల్లె పిల్లలకు మొదటి దినముననే పెద్ద మోపు నెత్తిన పెట్టుట న్యాయమా?

నోబుల్ దొరగారి పాఠశాల

బందరులో ఇంగ్లీషు చదువనగానే పెద్దలకు జ్ఞాపకము వచ్చు పేరు నోబుల్. కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ నోబుల్ గారును, ఆక్స్‌ఫర్డులో చదివిన హెన్రీ ఫాక్సు గారును 1841లో ఈ దేశమునకు వచ్చిరి. ఫాక్సు గారు ఊరూర తిరిగి సువార్త చెప్పు పనిని చేపట్టిరి. ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయి 1848లోనే కన్ను మూసిరి. నోబుల్ గారు బందరులో నిలిచి ముందు తాము తెలుగు నేర్చుకొనిరి. ఇతరులకు తన భాష నేర్పగోరినవాడు మొదట వారి భాషకు శిష్యుడు కావలెనని ఆయన నడత తెలుపుచున్నది. 1843 నవంబరులో పాఠశాల తెరచినప్పుడు వచ్చిన బాలురు ఇద్దరే.

ఆ యిద్దరితో మొదలైన బడి పెరిగినది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా పట్టణము కలవరపడి, తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించివేసిరి; బడి దాదాపు ఖాళీ అయినది. అయినను నోబుల్ గారు పాఠము మానలేదు. పిల్లలు మరల మెల్లమెల్లగా వచ్చిరి. 1864 నవంబరు 1వ తేదీని సముద్రము పట్టణముమీదికి పొంగి సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ మహోపద్రవము తరువాతి సంవత్సరమే, 1865 అక్టోబరులో, నోబుల్ గారు బందరులోనే మరణించిరి. వచ్చిన యిరువదినాలుగు సంవత్సరములలో ఆయన ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు. ఆయన పేరు పెట్టుకొనిన కళాశాల ఈ సీమకు అనేకమంది విద్యావంతులను ఇచ్చెను.

ఇంతవరకు కృతజ్ఞతతో చెప్పుకొనవలసిన సంగతి. అయితే చరిత్ర చెప్పువాడు సగము చెప్పి ఊరకుండరాదు. నోబుల్ గారి దినములలో ఆ పాఠశాల తలుపులు పై కులముల బాలురకే తెరువబడెను. మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు అందు చోటు లేకుండెను. పైనున్నవారిని ముందుగా గెలిచినయెడల వెలుగు క్రిందికి దిగివచ్చునని ఆయన తలంచిరి. జరిగినది వేరు. 1859లో రాఘవాపురమునకు చెందిన పాగోలు వెంకయ్యగారు, మాల కులస్థుడు, డార్లింగ్ దొరగారి యొద్ద సువార్త విని తన వారితోకూడ బాప్తిస్మము పొందెను. అప్పటినుండి కృష్ణా మండలములోని పల్లెలలో సంఘములు లేచినవి. సంఘమున్నచోట చిన్న బడియు లేచెను. ఆ బడులలో ముందుగా వచ్చినవి తెలుగు అక్షరములు. అది మేలే. కాని పట్టణపు పెద్ద పాఠశాలలో ఇంగ్లీషు చదివిన కుటుంబమునకును, పల్లె బడిలో తెలుగుతో ఆగిన కుటుంబమునకును మధ్య కొన్ని తరముల దూరము ఏర్పడినది. నేడు మన తల్లిదండ్రుల ప్రశ్నలో వినబడు భయము ఆ దూరమునుండియే వచ్చుచున్నది. పిల్లలు మందమతులై వెనుకబడలేదు. తలుపు ఆలస్యముగా తెరువబడినందున వెనుకబడిరి. ఈ భేదమును ప్రతి తల్లియు, ప్రతి ఉపాధ్యాయుడును ఎరిగియుండవలెను.

బొమ్మల పుస్తకము చేసిన సంఘాధ్యక్షుడు

ఆలస్యముగా వచ్చినవారికి త్రోవ ఏది? ఇక్కడ మన దేశము వెలుపల జరిగిన రెండు సంగతులు చెప్పవలెను. మొదటిది కొమేనియస్ అను సంఘాధ్యక్షుని సంగతి. ఆయన 1592లో మొరావియా దేశములో పుట్టెను. యుద్ధములవలన దేశభ్రష్టుడయ్యెను, తెగులు వలన భార్యను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొనెను, 1656లో తాను నివసించు పట్టణము కాల్చివేయబడగా ఆయన వ్రాతప్రతులు అనేకములు బూడిదయ్యెను. ఇంత దుఃఖములో మునిగినవాడు 1658లో పిల్లల కొరకు ఒక బొమ్మల పుస్తకము అచ్చువేయించెను. రొట్టె కాల్చువాడు, దర్జీ, చెప్పులు కుట్టువాడు, దుక్కి దున్నుట, చేపలు పట్టుట, ఇట్లు ప్రతి పాఠమునకు ఒక బొమ్మ. బొమ్మలోని వస్తువులకు అంకెలు, ఆ అంకెల ప్రకారము క్రింద చిన్న వాక్యములు. ఒక ప్రక్క లాటిను, ఒక ప్రక్క పిల్లల స్వభాష. మొదటి పాఠము దేవునిగూర్చి, కడపటి పాఠము తీర్పు దినమునుగూర్చి. నడుమ నున్నదంతయు లోకములోని మన బ్రదుకు. అంతవరకు బెత్తము దెబ్బలతో నేర్పబడిన లాటిను, ఈ పుస్తకములో బిడ్డకు తెలిసిన రొట్టెతోను, నాగలితోను వచ్చెను.

రెండవది ఢాకాలో జరిగినది. అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైఖేల్ వెస్టు గారు బెంగాలీ బాలుర చదువును పరిశీలించి 1926లో ఒక గ్రంథము ప్రకటించిరి. అనేక బాలురు చదువు ముగియకముందే బడి మానుదురు. మానిన దినమున వారి చేతిలో ఏమి మిగిలినది? ఇది ఆయన అడిగిన ప్రశ్న. జీవితబీమా కట్టినవారు మధ్యలో మానినయెడల ఎంతో కొంత తిరిగి వచ్చును గదా. చదువును అట్లే యుండవలెనని ఆయన వాదము. అందుచేత తక్కువ మాటలతో, క్రొత్త మాటను ఒక్కొక్కటిగా చొప్పించుచు, చదువుటకు సులభమైన చిన్న పుస్తకములు ఆయన వ్రాసిరి. ఐదవ తరగతితో మానిన బిడ్డకును ఆ ఐదు సంవత్సరముల ఫలము దక్కవలెను. కోతల కాలమున బడి మాన్పింపబడు బిడ్డలను చూచిన మనకు ఈ మాట విలువ బాగుగా తెలియును.

మన యింట మొదటి పాఠము

మన దేశములో అనేక దినములు ఇంగ్లీషు వాచకములు మంచు కురియుటను, చలిమంటల గదులను వర్ణించినవి. ఎన్నడు మంచు చూడని బిడ్డ మాటను నేర్వవలెను, వస్తువును ఊహింపవలెను. రెండు బరువులు ఒకేసారి. మన ప్రక్కన ఏమి లేదు? బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనప్పటినుండి కాలువతోపాటు ‘లాకు’ అను మాట మన ఊరికి వచ్చినది. బోరు, మోటారు, కరెంటు, స్విచ్చి, బస్సు, టిక్కెట్టు అని అక్షరము రాని అవ్వయు పలుకుచున్నది. చిలకలపూడి పనివారు రాగిమీద బంగారపు రేకు అదిమి చేయు నగలను ‘రోల్డు గోల్డు’ అని అమ్ముచున్నారు. మన ఇంటిలో ఇంగ్లీషు ఇదివరకే కూర్చుండియున్నది. దానిని అక్షరములలో చూపుటయే మిగిలిన పని.

ఒక పాఠము చూడుడి. “దిస్ ఈజ్ అవర్ కెనాల్. ది వాటర్ కేమ్ లాస్ట్ నైట్. మై ఫాదర్ వెంట్ టు ది ఫీల్డ్. మై మదర్ కుక్డ్ రైస్.” అనగా ఇది మా కాలువ, నిన్న రాత్రి నీరు వచ్చెను, మా నాన్న పొలమునకు వెళ్లెను, మా అమ్మ అన్నము వండెను. నాలుగే వాక్యములు. మన భాషలో పనిని తెలుపు మాట చివర వచ్చును. వారి భాషలో చేయువాని వెంటనే వచ్చును. ఈ పెద్ద భేదమును సూత్రము చెప్పకయే ఈ నాలుగు వాక్యములు బిడ్డకు చూపుచున్నవి. దినమునకు ఇట్టిది ఒకటి బిగ్గరగా రెండు మారులు చదివి, తెలుగులో అర్థము చెప్పి, మరునాడు పుస్తకము మూసి చెప్పవలెను. అంతే చాలును. తల్లికి ఇంగ్లీషు రాకపోయినను తెలుగు అర్థము విని సరిచూడగలదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2020–21 విద్యా సంవత్సరమున ఒక ప్రక్క తెలుగు, ఎదుటి ప్రక్క ఇంగ్లీషు గల పుస్తకములు పిల్లల చేతికి ఇయ్యబడినవి. కొమేనియస్ పుస్తకములోని ఏర్పాటే ఇది. అట్టి పుస్తకము ఇంటనున్నవారు తెలుగు ప్రక్కను దాటి పోకుడి. తెలుగు మెట్టుమీద కాలు గట్టిగా నిలిచినవాడే ఇంగ్లీషు మెట్టు ఎక్కగలడు.

ఇది మార్కులకొరకు మాత్రమే చెప్పుట లేదు. మందు కవరుమీద ‘బిఫోర్ ఫుడ్’, ‘ఆఫ్టర్ ఫుడ్’ అను మాటలు చదువలేక మందు తారుమారు చేయు వృద్ధులు మన మధ్యనున్నారు. పురుగుల మందు డబ్బామీద ‘పాయిజన్’ అను మాట కూలికి వెళ్లు బిడ్డకు తెలియవలెను. బ్యాంకు కాగితముమీద తాను దేనికి వ్రేలిముద్ర వేయుచున్నదో విధవరాలికి తెలియవలెను. ఇవి చిన్న పాఠములు. కాని ప్రాణమును, పొలమును కాపాడు పాఠములు.

మన ప్రభువు బోధించిన విధమును తలంచుకొనుడి. విత్తువాడు, పులిసిన పిండి, పోయిన నాణెము, చేపల వల, ఇవి ఆయన పాఠములు. పరలోకపు సంగతులనే ఇంటి సంగతులతో చెప్పిన గురువు మనకుండగా, ఒక భాషను ఇంటి సంగతులతో నేర్పుట మనకు తక్కువతనమా? ప్రతి సంఘములో ఇంగ్లీషు తెలిసిన యౌవనుడు ఒకడైనను, యువతి యొకతెయైనను ఉందురు. వారు సాయంకాలము అరగంట గుడి వరండాలో కూర్చుండి, వచ్చిన పిల్లలను ఏ పల్లెవారని అడుగక చేర్చుకొని, కాలువను, చేనును, మందుచీటిని పాఠముగా పెట్టవచ్చును. బందరు పెద్ద పాఠశాలయు ఇద్దరితోనే మొదలైనది. అప్పుడు మూయబడియుండిన తలుపును ఇప్పుడు మనము తెరచి ఉంచుదము. అట్టి చిన్న ప్రారంభములను దేవుడు ఆశీర్వదించునుగాక.